తండాలో పల్లి యూనిట్ పెట్టి పది మందికి పని ఇవ్వాలంటే ఏ లోన్ సరిపోతుంది?

కల్వకుర్తి_పల్లి:

అందరికీ నమస్కారం. కల్వకుర్తి వైపు ఒక చిన్న ఊరు, దాన్ని ఆనుకొని ఒక తండా. రెండింటికీ కలిపి ఒకటే గ్రామ సమాఖ్య, 14 మహిళా సంఘాలు. బోర్ల కింద యాసంగిలో పల్లి తప్ప పెద్దగా ఏమీ వేయరు. కాయ ఎండీ ఎండకముందే యార్డుకు తోలేస్తారు. దీపావళి దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. పూణే, ముంబయి, హైదరాబాద్ బిల్డింగ్ పనులకు పోతారు. మళ్లీ వానలకు వస్తారు.

కాయ బయటికి పోకుండా ఇక్కడే కొని, పల్లికాయ కొట్టే మిషన్ ఒకటి, చెక్క గానుగలు రెండు పెట్టి నూనె తీయాలని సమాఖ్య మీటింగ్‌లో అనుకున్నారు. పది మందికి ఏడాదంతా పని దొరకాలన్నది ఉద్దేశం. ఒక ఏజెంట్ వచ్చి 25 లక్షల ప్రాజెక్టు రిపోర్టు చూపించి, "35 శాతం సబ్సిడీ ఫ్రీగా చేతికొస్తది, నాకు పది శాతం ఇవ్వండి" అంటున్నాడు.

లోన్ ఒకరి పేరు మీద తీసుకోవాలా, సంఘం పేరు మీదా? సబ్సిడీ నిజంగా ఎప్పుడు వస్తుంది? ఇలాంటి యూనిట్లు ఎక్కడ దెబ్బ తింటాయి? తెలిసినవాళ్లు లెక్కలతో చెప్పండి.

పల్లె_బ్యాంకు (రిటైర్డ్ ఫీల్డ్ ఆఫీసర్):

ముందు ఏజెంట్ సంగతి. అతనికి రూపాయి కూడా ఇవ్వొద్దు. కొత్త యూనిట్ పెట్టేవాళ్లకు సబ్సిడీతో లోన్ ఇప్పించే కేంద్ర పథకం పీఎంఈజీపీ. దాని దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం, జిల్లా పరిశ్రమల కేంద్రమో ఖాదీ బోర్డో చూస్తాయి. ఆహార యూనిట్ల పథకం పీఎంఎఫ్‌ఎంఈలో అయితే జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఒకరు ఉంటారు. రిపోర్టు రాసి, బ్యాంకు చుట్టూ తిరిగి, లైసెన్సులు ఇప్పించినందుకు ఆ మనిషికి ఒక్కో లోన్‌కు 20,000 రూపాయలు ప్రభుత్వమే ఇస్తుంది. మీరు ఇవ్వాల్సిన పని లేదు.

సబ్సిడీ చేతికి రాదు. లోన్ మొదటి విడత విడుదలై, శిక్షణ పూర్తయ్యాక బ్యాంకు దాన్ని క్లెయిమ్ చేస్తుంది. వచ్చిన సొమ్ము లబ్ధిదారు పేరున మూడేళ్ల డిపాజిట్‌గా బ్యాంకులోనే ఉంటుంది. దాని మీద వడ్డీ ఇవ్వరు, లోన్‌లో అంత మొత్తం మీద మీ దగ్గర వడ్డీ తీసుకోరు. మూడేళ్ల తర్వాత వచ్చి యూనిట్ నడుస్తోందో లేదో చూసి లోన్‌లో జమ చేస్తారు. మధ్యలో మూతపడితే సబ్సిడీ వెనక్కి పోతుంది, లోన్ మొత్తం మీ నెత్తిన ఉంటుంది. ఏజెంట్లు ఈ మాట ఎప్పుడూ చెప్పరు.

ఇప్పుడు పథకాలు. పీఎంఈజీపీలో తయారీ యూనిట్‌కు 2022 నుంచి 50 లక్షల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పల్లెల్లో మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. మిగతావాళ్లకు 25, 10. పది లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఈ ఒక్క నిబంధన దగ్గరే తండాల్లో చాలా దరఖాస్తులు ఆగిపోతాయి కాబట్టి పేరు ఎవరిదో తేల్చేముందే సర్టిఫికెట్ చూసుకోండి. కుటుంబానికి ఒక్కరికే, కొత్త యూనిట్‌కే. భూమి ఖరీదు ప్రాజెక్టులో కలపకూడదు, షెడ్డు కలపొచ్చు.

20 లక్షల ప్రాజెక్టు అనుకోండి: షెడ్డు, మిషన్లు 12 లక్షలు, వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొని యూనిట్ నడపడానికి పెట్టే డబ్బు) 8 లక్షలు. మహిళ పేరున అయితే సొంత వాటా లక్ష, బ్యాంకు లోన్ 19 లక్షలు, అందులో 7 లక్షలు సబ్సిడీ డిపాజిట్‌కు ఎదురుగా ఉంటాయి. అంటే వడ్డీ పడేది 12 లక్షల మీద. వడ్డీ బ్యాంకు మామూలు రేటే. 11 శాతం, ఐదేళ్లు అనుకుంటే షెడ్డు, మిషన్లకు తీసుకునే టర్మ్ లోన్ లక్షకు నెల వాయిదా 2,174 రూపాయలు.

ఇంకో సంగతి చాలామంది చూడరు. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్‌ను మూడేళ్లలో కనీసం ఒక్కసారైనా పూర్తిగా వాడాలి, మామూలుగా 75 శాతానికి తగ్గకుండా వాడకం కనిపించాలి. వాడకపోతే ఆ మేరకు సబ్సిడీ కోస్తారు. రిపోర్టులో ఊరికే పెద్ద అంకె రాయించుకుంటే ఇక్కడ దొరికిపోతారు.

పీఎంఎఫ్‌ఎంఈ 2020లో మొదలైంది. సబ్సిడీ అక్కడా 35 శాతమే, కానీ యూనిట్‌కు 10 లక్షలు మించదు, సొంత వాటా 10 శాతం. సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కూడా అర్హులు. ఆహార పదార్థాలు చేసే సంఘ సభ్యులకు తలా 40,000, సంఘానికి గరిష్ఠంగా పది మందికి, సమాఖ్య ద్వారా మూలనిధి ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇది సభ్యులకు దానం కాదు, లోన్‌గా తిప్పుకోవాలి. ఈ రెండు పథకాలకూ 2025-26 ఆర్థిక సంవత్సరం దాకా గడువు పెట్టారు, కనుక ఇప్పుడు ఏ నిబంధనలతో దరఖాస్తులు తీసుకుంటున్నారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే కాగితాలు మొదలుపెట్టండి.

ఎవరి పేరు అన్నదానికి జవాబు: పీఎంఈజీపీ ఒకరి పేరున తీసుకుంటే యూనిట్ ఆమెది అవుతుంది, మిగతావాళ్లు ఆమె దగ్గర కూలీలు. అది తప్పేమీ కాదు, కానీ సమాఖ్య మీటింగ్‌లో ముందే అందరికీ తెలియాలి. సమాఖ్యదే కావాలంటే పీఎంఎఫ్‌ఎంఈ, సంఘం బ్యాంకు లింకేజీ (సంఘం పేరున బ్యాంకు ఇచ్చే లోన్) దారిలో రావాలి.

గానుగ_మెకానిక్_జడ్చర్ల:

సారు లోన్ ముచ్చట చెప్పిండు, నేను మిషన్ లెక్క చెప్త.

కాయ క్వింటాలు కొడితే గింజ 65 నుంచి 70 కిలోలు. చెక్క గానుగల గింజకు 40 శాతం దాకా నూనె దిగుతది. అంటే క్వింటాలు కాయకు 27 కిలోల నూనె, లీటర్లల్ల 29 అనుకోరి. పల్లి చెక్క, అంటే నూనె తీసినంక మిగిలే పిండి, 38 కిలోల దాకా వస్తది. మిగిలింది పొట్టు, ఇటుక బట్టీలోళ్లు కొంటరు.

మూడు హెచ్‌పీ గానుగ ఒక్కో వాయికి 12 నుంచి 15 కిలోలు పడుతది, వాయికి ముప్పావు గంట నుంచి గంట. ఎనిమిది గంటల పనికి వంద కిలోల గింజ. అంటే గానుగకు రోజుకు క్వింటాలున్నర కాయ. రెండు గానుగలకు మూడు క్వింటాళ్లు.

మరి మనుషులెందరు? గానుగకు ఒకరు చొప్పున ఇద్దరు, రాళ్లు, పుచ్చులు, ముడుచుకపోయిన గింజ ఏరెటందుకు ముగ్గురు, వడకట్టి సీసాలకు పోసెటందుకు ఒకరు. ఆరుగురు. అమ్మేటోళ్లను కలిపినా ఏడు. రెండు గానుగలతోని పది మందికి ఏడాదంతా పని అంటే రిపోర్టుల రాసిన మాటే గానీ షెడ్డుల కనిపించదు.

ఇప్పుడు ధర. కాయ 2025-26 మద్దతు ధర 7,263 వేసుకోండి, మార్కెట్ల అటు ఇటు అయితది. ఆరుగురికి 400 కూలి అంటే రోజుకు 2,400, మూడు క్వింటాళ్ల మీద క్వింటాలుకు 800. కరెంటు, సీసాలు, లేబుళ్లు 600 అనుకుందం. వాయిదా, వడ్డీ కలిపి నెలకు 25,000 అనుకుంటే 75 క్వింటాళ్ల మీద 333. మొత్తం 9,000 దగ్గర. చెక్క కిలో 40 లెక్కన 1,500 తీసేయండి. 7,500 మిగిలె. 29తో భాగిస్తే లీటరుకు 258 రూపాయలు మీ ఖర్చే. లాభం ఇంకా కలపలే. పక్కన కిరాణల రిఫైన్డ్ ప్యాకెట్ ఎంతకు దొరుకుతదో మీకు తెలుసు. నెలకు 2,175 లీటర్లు ఈ ధరకు ఎవరు కొంటరో పేర్లు రాసుకున్నాక మిషన్ ఆర్డర్ ఇవ్వండి.

మిషన్ కొనేటప్పుడు చూసుకునేవి: రోకలి, రోలు దిరిసెన చెక్కవేనా, అరిగితే మార్చి ఇచ్చెటోడు జిల్లాల ఉన్నడా. గేర్ బాక్స్ గ్యారంటీ కాగితం మీద ఉన్నదా. బ్యాంకు డబ్బు సప్లయర్ ఖాతాల పడుతది కాబట్టి కొందరు కొటేషన్ పెంచి రాసి మధ్యల పంచుకుంటరు. మూడు కొటేషన్లు తీసుకుని, అసొంటి మిషన్ నడుస్తున్న ఊరికి పోయి ఒక్క వాయి కళ్లముందు ఆడించి, నూనె తూకం వేసి చూడండి.

కరెంటు మర్చిపోతరు. త్రీ ఫేజ్, పరిశ్రమలకిచ్చే ఎల్టీ కేటగిరీ-3 కనెక్షన్ కావాలె. బోరు లైన్ మీద గానుగ ఆడిస్తే కేసు అయితది. లైన్ దూరముంటే స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు పడుతది. ఎస్టిమేట్ ముందే తీసుకుని రిపోర్టుల రాయించండి. షెడ్డు కట్టి, మిషన్ దించి, కరెంటు లేక నెలలు నెలలు వాయిదా కట్టే యూనిట్లు ఉన్నయి.

కల్వకుర్తి_పల్లి:

చాలా స్పష్టంగా చెప్పారు ఇద్దరూ. లీటరుకు 258 అన్నది రిపోర్టులో ఎక్కడా లేదు. అందులో కాయ "అవసరం మేరకు స్థానికంగా కొనుగోలు" అని ఒక్క లైన్ మాత్రమే ఉంది. ఒక గానుగతో మొదలుపెడితే ఎట్లా ఉంటుంది? అసలు వలస ఆపాలన్నదే మాకు ముఖ్యం.

సీసీ_అచ్చంపేట:

వలస ఆపాలంటే పని ఏ నెలల్లో ఉండాలో ముందు చూడాలి అన్నా. మన దగ్గర జనం పోయేది నవంబర్ నుంచి, మళ్లొచ్చేది జూన్ వానలకు. యాసంగి పల్లి చేతికొచ్చేది ఫిబ్రవరి చివర, మార్చిలో. అంటే మనిషికి పని కావాల్సిన నవంబర్, డిసెంబర్, జనవరిలో ఊళ్లో కాయే ఉండదు. మార్చిలో కొని దాచినది ఉంటేనే అప్పుడు గానుగ తిరుగుతది. లోన్‌లో మిషన్‌కు ఎంత, కాయకు ఎంత అనే లెక్కే పనిదినాలను తేలుస్తది. మిషన్ ఎంత పెద్దదైనా కాయ లేకపోతే అది ఇనుమే.

రెండోది అడ్వాన్సు. కూలీలను పనులకు తీసుకుపోయే గుంపు మేస్త్రీ దసరాకే వచ్చి ఇంటికింత అని అడ్వాన్సు ఇచ్చిపోతడు. పండుగకు, పెళ్లికి, బోరు అప్పుకు ఆ డబ్బు వాడుకున్న తర్వాత ఊళ్లో పనున్నా ఆ మనిషి ఆగలేడు, అడ్వాన్సు తీర్చేదాకా పోవాల్సిందే. కాబట్టి యూనిట్‌లో ఎవరికి పని ఇస్తారో వాళ్ల పేర్లు ఆగస్టులోనే తేల్చండి. వాళ్ల సంఘం నుంచి, మహిళా సంఘాలకు అప్పిచ్చే స్త్రీనిధి లోన్‌గానో, సమాఖ్య దగ్గరుండే పెట్టుబడి నిధి సీఐఎఫ్ నుంచో దసరాకు ముందు చిన్న మొత్తం అందేట్టు చూడండి. కూలిలో కొంత కొంత కోసుకుంటూ తీర్చుకోవచ్చు. ఈ ఏర్పాటు లేకుండా యూనిట్ పెడితే పనికి వచ్చేది ఎట్లాగూ వలస పోని ఇళ్లవాళ్లే.

ఇక ఒక హెచ్చరిక. సంఘంలో పది మంది పేరున బ్యాంకు లింకేజీ తీసుకుని, ఆ డబ్బంతా ఒక్కరి యూనిట్‌లో పెట్టడం చేయొద్దు. యూనిట్ ఆగితే పది మందీ బాకీదారులు అవుతారు. వడ్డీ లేని రుణం సకాలంలో కట్టినవాళ్లకే. వాయిదా తప్పితే ప్రభుత్వం తిరిగిచ్చే ఆ వడ్డీ రాదు, సమాఖ్య గ్రేడింగ్ పడిపోతది, స్త్రీనిధి పరిమితి తగ్గుతది. యూనిట్‌తో సంబంధం లేని బర్రెల లోన్, పిల్లల చదువు లోన్ కూడా ఆగిపోతయి. సంఘం లోన్‌కు పది లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకుంటరు. తాకట్టు లేకున్నా పూచీ అందరిదీ.

సమాఖ్య యూనిట్ అయితే కూలి వేరు, లాభం వేరు అని మొదటి తీర్మానంలోనే రాయండి. పనికి వచ్చినవాళ్లకు రోజు కూలి వారం వారం. లాభం ఉంటే ఏడాది చివర వాటాల లెక్కన. ఈ రెండూ కలిపి రాసిన చోట ఆర్నెల్లకు గొడవలు, ఏడాదికి తాళం.

నల్లగొండ_ఆహార_శిక్షణ:

ఉద్యోగాలే లెక్క అయితే నూనె ఒక్కటే చూడకండి. పల్లి పట్టీలకు వేయించడం, పొట్టు చెరగడం, బెల్లం పాకం, ఒత్తడం, కోయడం, చుట్టడం ఉంటాయి. అదే క్వింటాలు గింజకు గానుగ కన్నా ఎన్నో రెట్లు చేతిపని, మిషన్ ఖర్చు చాలా తక్కువ. వానాకాలంలో బెల్లం చెమ్మ పీల్చి పట్టీ మెత్తబడుతుంది, కాబట్టి గాలి చొరని ప్యాకింగ్ తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా తక్కువ చేసి, నవంబర్ నుంచి మే దాకా పూర్తిగా నడపడం ఈ సరుకుకు సహజంగా కుదురుతుంది. మీకు పని కావాల్సిన నెలలూ అవే.

విత్తన పల్లి మరో పని. మిషన్‌లో కొడితే గింజ పైపొర చిట్లి మొలక తగ్గుతుంది, అందుకే విత్తనానికి చేత్తో వలిచిన గింజ అడుగుతారు. యాసంగి విత్తడానికి ముందు, సెప్టెంబర్, అక్టోబర్‌లో ఈ పని వస్తుంది. దీనికి లోన్ కూడా అక్కర్లేదు. విత్తన సంస్థతో వలుపు కూలి ఒప్పందం ఉంటే చాలు.

నిల్వ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి: గింజగా దాచొద్దు, కాయగానే దాచండి. కొట్టిన గింజ కాయ కన్నా త్వరగా ముక్క వాసన పట్టి నూనె పాడవుతుంది. కాయలో తేమ 8 శాతం దాటకూడదు. చేతిలో ఊపితే గలగలమనాలి, తేమ మీటరు ఉంటే ఇంకా మంచిది. తడి కాయ బస్తా ఒక్కటి ఉన్నా బూజు చేరి అఫ్లటాక్సిన్ అనే విషం తయారవుతుంది. గానుగ నూనెను రిఫైన్ చేయరు కాబట్టి అది వడకట్టినా పోదు. బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. ఆహార భద్రత సంస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ లేకుండా సీసా మీద లేబుల్ వేయకండి.

పల్లె_బ్యాంకు (రిటైర్డ్ ఫీల్డ్ ఆఫీసర్):

ఒక్క గానుగతో మొదలుపెడితే అన్న ప్రశ్నకు లెక్క ఇదిగో.

ఒక గానుగకు నెలకు 25 రోజుల చొప్పున 37.5 క్వింటాళ్ల కాయ, 1,087 లీటర్ల నూనె. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలకు 150 క్వింటాళ్లు మార్చిలోనే కొని పెట్టుకోవాలి. మద్దతు ధరకు 10 లక్షల 89 వేలు. 35 కిలోల బస్తాలైతే 430 దాకా, కాబట్టి 20 అడుగులకు 20 అడుగుల పొడి గది కావాలి. ప్రాజెక్టు రిపోర్టులో ఈ గది లేకపోతే షెడ్డు కొలతలు మార్పించండి.

ఇప్పుడు 15 లక్షల ప్రాజెక్టు వేసుకోండి. షెడ్డు, మిషన్లు, పట్టీల సామాను 9 లక్షలు, వర్కింగ్ క్యాపిటల్ 6 లక్షలు. మహిళ పేరున సొంత వాటా 75 వేలు, సబ్సిడీ 5 లక్షల 25 వేలు. 10 లక్షల 89 వేల కాయకు 6 లక్షలు చాలవు. ఇక్కడ సమాఖ్య బలం పనికొస్తుంది. 60 ఇళ్ల నుంచి రెండున్నర క్వింటాళ్ల చొప్పున కాయ తీసుకుని, తెచ్చిన రోజే 55 శాతం, అంటే సుమారు 6 లక్షలు ఇవ్వండి. మిగతాది నవంబర్ నుంచి నెల నెలా నూనె అమ్మిన డబ్బులో ఇవ్వండి. ధర మాత్రం కాయ తెచ్చిన రోజు యార్డు ధరకే ఖాయం చేసి, తూకం, తేమ, ధర, బాకీ రాసిన చీటీ ఇచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకోవాలి. ఆగస్టులో ధర పెరిగితే "నా కాయ నాకివ్వు" అని వస్తారు. చీటీ లేకపోతే అక్కడే యూనిట్ ఆగిపోతుంది. ఆగిన సొమ్ముకు కొంత అదనం ఇస్తామని ముందే రాసుకుంటే ఇంకా మంచిది. బ్యాంకుకు కట్టే వడ్డీనే వాళ్లకూ కట్టినట్టు.

ఆ 6 లక్షలను ఎనిమిది నెలలు 11 శాతానికి మోస్తే 44 వేలు, అంటే క్వింటాలుకు 293 రూపాయలు. మెకానిక్ గారు వేసిన 258కి ఇది కొంత కలుస్తుంది. నిల్వలో తరుగు రెండు మూడు శాతం కూడా కలపండి.

మార్చి నుంచి అక్టోబర్ దాకా గానుగ ఖాళీగా ఉంచనక్కర్లేదు. ఊళ్లవాళ్ల గింజను కిలోకు ఇంత అని కూలికి ఆడించండి, చెక్క ఎవరికో ముందే మాట్లాడుకోండి. దానికి మీ డబ్బు కాయలో ఇరుక్కోదు. కరెంటు ఖర్చు, ఒకరిద్దరి కూలి వెళ్లిపోతాయి.

తేదీలే అసలు చిక్కు. దరఖాస్తు, బ్యాంకు పరిశీలన, మంజూరు, 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు పది రోజుల శిక్షణ, షెడ్డు, కరెంటు. ఇవన్నీ కలిసి ఆర్నెల్లు సులువుగా తింటాయి. మార్చిలో కాయ కొనాలంటే ఆగస్టులో దరఖాస్తు వెయ్యాలి. ఏప్రిల్‌లో వేసి సెప్టెంబర్‌లో డబ్బు వస్తే కాయ అప్పటికి వ్యాపారి గోదాములో ఉంటుంది, ఆయన ధరకు కొనాలి. ఆ ఏడాది అలా కొనకండి. కూలికి ఆడించి, పట్టీలు చేసి, వచ్చే మార్చి దాకా ఆగండి. బ్యాంకు మేనేజర్‌తో వర్కింగ్ క్యాపిటల్‌ను వాడుకున్నంత మీదే వడ్డీ పడే క్యాష్ క్రెడిట్ ఖాతాగా, టర్మ్ లోన్‌ను వేరుగా పెట్టించండి. రెండూ కలిపి ఒకే లోన్‌గా ఇస్తే కాయ కొనని నెలల్లోనూ మొత్తం మీద వడ్డీ నడుస్తుంది. మంజూరు పత్రం మీద సంతకం పెట్టేముందు ఈ ఒక్క లైన్ చదివించుకోండి.

కల్వకుర్తి_పల్లి:

ఇప్పుడు దారి కనిపిస్తోంది. వచ్చే సమాఖ్య మీటింగ్‌లో 60 ఇళ్ల పేర్లు, నెలకు వెయ్యి లీటర్లు ఎవరు కొంటారన్న జాబితా రాస్తాం. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్‌లోని మహిళా శక్తి క్యాంటీన్లను కూడా అడుగుతాం. ఎవరి పేరున లోన్ తీసుకుంటామో ఆ అక్క ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ స్కూల్లోనే ఉందట, రేపు పోయి తెస్తున్నాం.